నెలకు తొంభై డాలర్లు

బఫెలోలో మంగళవారం టికెట్టు సగం ధర.
బయట సరస్సు మీది గాలి మంచుని అడ్డంగా విసురుతోంది.
మా పెళ్ళయి పంతొమ్మిది రోజులు.
కోర్టు మెట్ల పక్కన, నా భోజన విరామంలో,
సాక్షి సంతకానికి పార్కింగు కుర్రాణ్ణి బతిమాలి.
కాజిమిర్ ఆ రోజు వేసుకున్న బూట్లే ఇవాళా వేసుకున్నాడు,
ఎడమదాంట్లోకి చెమ్మ దిగుతోంది.

తెర మీద వాళ్ళకీ కొత్త పెళ్ళే.
నలుపు తెలుపుల్లో ఆమె టోపీ, అతని టై,
ఇద్దరి మధ్యా ఒక మంచం
మెట్ల మలుపులో ఇరుక్కుని
పైకీ పోదు, కిందికీ రాదు.
ఎలాగో ఊడబెరికి వీధిలోనే వేసుకుని పడుకుంటారు.
వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు.
పోలీసొచ్చి మంచానికి జరిమానా రాస్తాడు.
మేం నవ్వాం, నవ్వాల్సిన చోటే.

కానీ హాలు హాలంతా పగలబడింది
హాస్యమే లేని ఒక్క మాటకి:
ఇంటివాడు తాళంచెవి ఊపుతూ
"నెలకు తొంభై డాలర్లు" అన్నాడు.
అంతే.
వెనక వరసలో ఎవరో ఈల వేశారు,
ఇంకెవరో "నాకిచ్చెయ్!" అని అరిచారు.
కాజిమిర్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు,
ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపే సాగింది.
మా అద్దె ఒకటో తారీఖున. ఇవాళ ఇరవై ఏడు.

ఆరో రోజున వాళ్ళ తొలి కీచులాట.
మాడిన రొట్టె దగ్గర మొదలై
ఆమె తల్లి పంపిన గోడగడియారం దాకా పోయింది.
ఆమె అలిగింది.
అలగడానికి పాన్పైనా లేదు పాపం,
అదింకా వీధిలోనే ఉంది.

అప్పుడన్నాడతను, టై సర్దుకుంటూ, ఎంతో ముద్దుగా:
"రేపట్నించి నువ్వు ఆఫీసుకి పోనక్కర్లేదుగా!"
ఆ రోజుల్లో ఇక్కడ చప్పట్లు పడేవేమో,
రాసినాయన వాటికి చోటు కూడా వదిలాడు,
ఆమె రెండుసార్లు రెప్పలార్పేంత చోటు.
ఆ చోట్లో మా హాలు ఊపిరి బిగబట్టి కూర్చుంది.
ఎవరి నోట్లోనో పేలాలు నలిగిన చప్పుడు.
నేను కాజిమిర్ వైపు చూళ్ళేదు.
అతని ఫ్యాక్టరీ మూసి నాలుగు నెలలు,
ఇంట్లోకొచ్చే జీతం నాదొక్కటే.
అతనూ నా వైపు చూళ్ళేదు.

మూడో వరసలోంచి ఒక ముసలి గొంతు,
తెరతోనా, మాతోనా తెలీదు:
"ఆగండి, వాడికి బుద్ధొస్తుంది."

ఆమె మొదట్నించీ అంతే.
మాట పడకముందే నవ్వేది, అరక్షణం ముందు,
మెట్ల మీద అడుగులు గుర్తుపట్టి
తట్టకముందే తలుపు తీసేవాళ్ళలా.

వచ్చింది బుద్ధి, సరిగ్గా ఎనభయ్యో నిమిషాన.
రంపం అరువు తెచ్చి మంచాన్ని రెండుగా కోశాడు.
చెరో సగం మోసుకుని మెట్లెక్కారు,
ఆమె ముందు, అతను వెనక.
తలుపు మూసుకుంది. వయొలిన్లు.
కథ కంచికి, మనం మంచులోకి.

గాజు తలుపుల దగ్గర, చెవుల మీదికి టోపీ లాక్కుంటూ
ఆ ముసలామె, పేరు బ్రోనిస్లావా, మాట కలిపింది.
"విడుదలైన వారమే మా ఆయనతో వచ్చా. ఇదే హాలు.
ఆ ఆఫీసు మాటకి విరగబడి నవ్వాడు.
నేను పెదాల రంగు చూసుకునే వంకతో అద్దం తీశా."
"మరి ఆయనకి వచ్చిందా?"
"బుద్ధా?"
చేతితొడుగు తియ్యకుండానే వేళ్ళ మీద లెక్కపెట్టింది.
"పదిహేడేళ్ళు పట్టిందమ్మా.
సినిమా వాళ్ళకి కత్తెర ఉంటుందిగా!"

ఇల్లు చేరాం. హీటరు గొట్టం టకటకమంటోంది.
మాది నేల మీద పరుపు, ఏ మలుపులోనూ ఇరుక్కోదు.
కాజిమిర్ ఎడమ బూటులో పాత పేపరు కుక్కుతూ
"పొద్దున్నే బస్టాపు దాకా దింపనా?" అన్నాడు.
"ఆ బూట్లతోనా?" అన్నాను.

అలా మొదలైంది మాకు,
ఇరవయ్యో రోజుకి ఇంకా పావుగంట ఉందనగా.